సరిగ్గా ఒత్తలేదు

ఫజలుద్దీన్ చేతిలో నుంచి గంట గుంజుకున్నప్పుడు, ఏం జరిగిందని ఆయనను ఒక్కరూ అడుగలేదు.

మందమర్రి పక్కన ఒక పాత గనిలో పదకొండేండ్లుగా ఆయనది గంట కొట్టే పని. భూమిలోకి ఏటవాలుగా దిగిన సొరంగం అది. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుకు కడితే పైనున్న ఇంజను వాటిని గుంజుతది. కింద చీకట్లో ఏమవుతున్నదో పైన ఇంజను డ్రైవరుకు కనపడదు. అతనికి కన్నైనా చెవైనా గంటే. ఒక్క గంట కొడితే ఆపాలె. రెండు కొడితే దించాలె. మూడు కొడితే గుంజాలె. పేరుకే కొట్టుడు గాని నిజానికి అది ఒత్తుడు. కింద గోడకున్న బటన్ ఒత్తితే పైన గంట మోగుతది. నీళ్లు కారే గోడ, తుప్పు పట్టిన తీగ. అలవోకగా ఒత్తితే మోత పైదాక పోదు. అందుకే పాత పనివాళ్లు కొత్తవాళ్లకు నేర్పేది ఒకటే: ఒక్కొక్క గంటకు మనసులో రెండు లెక్కపెట్టేదాక బటన్ మీది నుంచి వేలు తియ్యొద్దు.

ఒకనాడు రెండో షిఫ్టులో ఒక టబ్బు పట్టాలు తప్పింది. ఫజలుద్దీన్ ఒక్క గంట కొట్టిండు. తాడు ఆగలేదు. మళ్లా కొట్టిండు. తాడు పోతనే ఉంది. టబ్బు పక్కకు ఒరిగింది. లింగమూర్తి అనే పనివాని కాలు ఆ ఇనుముకూ గోడకూ నడుమ పడి నుజ్జయింది. పైన డ్రైవరు చాయ్ తాగొస్తనని లేచిపోయి, సీట్లో ఏమీ తెలియని ఒకన్ని కూసోబెట్టిండని గనిలో అందరికీ తెలుసు. ఆ డ్రైవరు షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్‌కు బామ్మర్ది అని కూడా తెలుసు. ఇంక్వైరీ మూడు రోజులు నడిచింది. ఫజలుద్దీన్ మూడు రోజులూ ఉతికిన అంగీ తొడుక్కొని పోయి ఆఫీసు ముందు బల్ల మీద కూసున్నడు. పిలుస్తరు, చెప్పుకుందామనుకున్నడు. పిలువలేదు. నాలుగో రోజు ఒక కాయితం చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నరు. అప్పటికి ఆయనకు తెలుగు చదువ రాదు. ఉర్దూలో సంతకం పెట్టి వచ్చిండు. అందులో ఏం రాసి ఉందో తెల్లారి క్యాంటీన్లో ఒకరు చదివి చెప్పిండ్రు. 'గంట సరిగ్గా ఒత్తలేదు.' అంతే, ఒక్క వరుస.

ఆ ఒక్క వరుసకు రిటైరయ్యేదాక పంతొమ్మిదేండ్లు గని పైన యార్డు ఊడ్చిండు.

ఇదంతా తారక్‌కు తెలిసేసరికి, తెలిసి చెయ్యగలిగింది ఏమీ మిగులలేదు.

తారక్‌కు తెలిసిన ఫజలుద్దీన్ వేరు. కాలనీలో క్వార్టర్ల చివర కార్మికులు చందాలేసుకొని కట్టుకున్న రీడింగ్ రూము ఉంది. దాని తాళంచెవి నడుముకు కట్టుకొని తిరిగే చాచా ఆయనే. యార్డు ఊడ్చే రోజుల్లోనే సాయంత్రాలు అక్కడ కూసొని, కనపడ్డవాన్నల్లా పట్టుకొని, 'ఇదేం అక్షరం, ఇదేం అక్షరం' అని అడిగి తెలుగు నేర్చుకున్నడు. రిటైరైన తెల్లారి నుంచి ఆ గది ఆయన ఉద్యోగం. జీతం లేదు. కుర్చీ ఉంది, బల్ల ఉంది, పుస్తకాల పేర్లు రాసే రెక్సిన్ అట్ట పుస్తకం ఉంది. అక్షరాలు కుదురుగా రాసేటోడు గాని కిందికి వచ్చే ఒత్తుల దగ్గర కలం ఆగిపోయేది.

"ఒత్తులకు నాకు మొదటి నుంచి పడది బేటా" అనేటోడు. "మంది పెట్టిన ఒత్తేమో కనవడుతది, నేను పెట్టిన ఒత్తు ఎవనికీ కనవడది."

తారక్ నవ్వేటోడు. ఏదో ముసలాయన పరాచికం అనుకున్నడు. ఏ ఒత్తు చాచా అని ఒక్కసారీ అడుగలేదు.

పాలిటెక్నిక్ నడుమ ఇడిచిపెట్టి, రెండుసార్లు సర్కారు కొలువు పరీక్ష రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకొని, బస్టాండు దగ్గర ఒక గూట్లో ఫోన్లు బాగు చేసుకుంటూ లోకం మీద కోపంతో తిరిగే తారక్‌కు ఆ గది ఒక్కటే దిక్కు. పద్దెనిమిదేండ్ల వయసులో మొదటిసారి వచ్చినప్పుడు పంకా కోసం వచ్చిండు. చాచా అతని ముందు ఒక పుస్తకం పెట్టిండు. అది అయిపోతే ఇంకొకటి. మనిషికి ఒక్క పుస్తకమే అని గోడకు రాసిపెట్టి ఉంది. తారక్ మూడు తీసుకపోయేటోడు.

"రూలు సూడు చాచా, ఒక్కటే అని ఉంది."

"గా రూలు సదువనోని కోసం రాసింది. తీస్కపో ఇంజినీర్ సాబ్."

పాలిటెక్నిక్ ఇడిచిపెట్టినోన్ని ఇంజినీర్ అని ఇంకెవరన్నా పిలిస్తే ఒళ్లు కాలేటిది. చాచా నోట్ల నుంచి వస్తే తారక్‌కు అది నిజంగ ఎప్పుడో అయ్యేదే అనిపించేది.

చాచాకు ఒక అలవాటుండె. ఏది ఒత్తినా గట్టిగ ఒత్తి, అట్లనే పట్టుకునేటోడు. పంకా స్విచ్చైనా అంతే, ఫోన్ బటనైనా అంతే. రీడింగ్ రూము సెక్రటరీ భానుప్రసాద్ ఇంటికి పోతే, తలుపు తెరిచేదాక కాలింగ్ బెల్లు మీది నుంచి వేలు తియ్యకపోయేది. భానుప్రసాద్ భార్య లోపలి నుంచే అనేది: "ఇల్లేమన్న కాలుతుందా ఫజలన్నా? వస్తున్న, ఇడువు." కాలనీ అంతా చెప్పుకొని నవ్వే ముచ్చట అది. తారక్ కూడా నవ్వేటోడు.

రెండేండ్ల కింద కరీంనగర్‌లో డాక్టరైన ఒకాయన, చిన్నప్పుడు ఈ కాలనీలో పెరిగినందుకు, తన దవాఖానలో పక్కన పడేసిన ఒక కంప్యూటర్ను రీడింగ్ రూముకు పంపిండు. పది అంగుళాల తెర, మౌస్ లేదు, కీబోర్డు లేదు, అంతా వేలితోనే. భానుప్రసాద్ దాన్ని ఎర్రగుడ్డలో చుట్టుకొని వచ్చి బల్ల మీద పెట్టిండు. గనిలో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఏది మాట్లాడినా సర్క్యులర్ చదివినట్టే ఉంటది.

"ఇగ మన రూము కూడ డిజిటల్. పేపర్లు ఇందులనే, పుస్తకాల లిస్టు ఇందులనే. మిషన్ ఎవలైతే నడుపుతరో తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటది. కమిటీ తీర్మానం."

చాచా రెక్సిన్ అట్ట పుస్తకాన్ని బల్ల మీద నుంచి తీసి అలమరలో పెట్టిండు. అందరూ పోయినంక తారక్ దగ్గరికొచ్చి కూసున్నడు.

"బేటా, మిషన్ నువ్వే సెట్ చేస్తవట గద."

"అవ్ చాచా."

"నాకు వచ్చేటట్టు సెయ్యి. మీ షాజాదీ చాచీ పోయినంక ఇంట్ల ఎవలున్నరు చెప్పు? గోడలు. వాటికి పేపర్ సదివి ఇనిపిస్తే ఊ కొడుతయా?"

"ఫికర్ చెయ్యకు. వారం రోజుల్ల నువ్వే అందరికి నేర్పుతవ్."

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఆ కంప్యూటర్‌లో పాత విండోస్ నడిచే స్థితిలో లేదు. దాని బదులు తారక్ పైసలు అక్కెర లేని లినక్స్ ఎక్కించిండు. లినక్స్‌లో ఉన్న వింత ఏందంటే, లోపలి యంత్రం ఒకటే అయినా పైన కనపడే ముఖాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. బొమ్మలు ఎక్కడుండాలె, వేలు పెడితే ఏమవ్వాలె, అన్నీ ఆ ముఖం చేతిలోనే. దాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటరు. మౌస్‌తో వాడే కంప్యూటర్‌కు ఏది పెట్టినా నడుస్తది. వేలితో వాడేదానికి మాత్రం చూసి ఎంచుకోవాలె. వేలు మౌస్ బాణమంత సన్నగ ఉండదు.

తారక్ వారం రోజులు మూడు ముఖాలు పెట్టి చూసిండు. వాటి మీద రాసింది ఇంగ్లిషులో ఎంత దొరికితే అంత చదివిండు. చదువుడులో తనకు ఎవరూ సాటి రారని ఆయనకు గట్టి నమ్మకం.

ఒకటి మరీ పాత పద్ధతిది. బొమ్మలు చింతగింజలంత. ఒకదాని మీద వేలు పెడితే పక్కది తెరుచుకునేది. దాన్ని మొదటి దినమే తీసేసిండు.

ఇంకొకటి పెద్ద పెద్ద బొమ్మలది. తెర మీద నాలుగే ఉంటయి, అరచేతి మందం. చాచాను కూసోబెట్టి, "గా పేపర్ బొమ్మను ఒత్తు చాచా" అన్నడు. ఆ పక్క ఊర్లలో ఎవరైనా ఆ మాటే అంటరు. లైటు ఒత్తుతరు, మోటరు ఒత్తుతరు, ఫోన్ ఒత్తుతరు. చాచా చూపుడు వేలు పెట్టి, గట్టిగ ఒత్తి, పట్టుకొని, తీసిండు. వేలు తీసినంక పేపర్ తెరుచుకుంది. చాచా ముఖం చూడాలె అప్పుడు.

"గిది మంచిగుంది బేటా. కండ్లద్దాలు గూడ అక్కెర లేదు."

"గిది ముసలోళ్ల ఫోన్ లెక్కున్నది చాచా. జర ఆగు, అసలుది చూపిస్త."

ఆ అసలుది మూడోది. అద్దంలాంటి పట్టీలు, కింద నుంచి పైకి తేలే బొమ్మలు, వెనుక ధర్మపురి దగ్గర గోదావరి పొద్దుగాల మెరిసే ఫొటో. తారక్ రెండు రోజులు దాని రంగులే దిద్దిండు. తెలుగు అంకెల గడియారం పెట్టిండు. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడితే భానుప్రసాద్ చూసి ఫోన్ చేసిండు.

"తారక్, నువ్వు చేసింది మా రాకేశ్‌కు పంపిన. మా అక్క కొడుకు, కరీంనగర్ల వానికి కంప్యూటర్ల ఆఫీసున్నది. 'పిల్లగాడు పనిమంతుడే మామా' అన్నడు. ఓపెనింగ్‌కు వస్తడట. చూసుకో మరి."

ఇరవై ఆరేండ్లు వచ్చి, కడుపులో చదువుంది, చేతిలో కాయితం లేదు. అట్లాంటోనికి పనిమంతుడన్న ఒక్క మాట చాలు, కాళ్లు భూమి మీద ఆగవు. మూడోదే ఖాయమైంది.

చాచా రోజూ వచ్చి నేర్చుకునేటోడు. తారక్ చెప్పింది చెప్పినట్టే చేసేటోడు. 'ఒత్తు' అంటే ఒత్తేటోడు. ఆ మూడో ముఖానికి ఒక గుణముంది. బొమ్మను తాకి వదిలితే తెరుచుకుంటది. ఒత్తి పట్టుకుంటే మాత్రం, మీరు దీన్ని జరపాలనుకుంటున్నరేమో, తీసెయ్యాలనుకుంటున్నరేమో అని అనుకొని బొమ్మ చుట్టూ గీతలు గీసి, మూలకు ఎర్రటి గుర్తు చూపిస్తది. ఆ ఎర్ర గుర్తును తాకితే బొమ్మ పోతది. చాచా ఒత్తి పట్టుకునేటోడు. ఎర్రగుర్తు కనపడేది. ఇదే తెరుచుకునే గుర్తు కావచ్చునని దాన్నీ ఒత్తేటోడు. పేపర్ మాయం. తెల్లారి పుస్తకాల లిస్టు మాయం. తారక్ వచ్చి మళ్లా పెట్టేటోడు.

"ఒత్తకు చాచా, ముట్టు. ఊరికె ముట్టు."

"ముట్టుడేంది బేటా? ముడితే పని అయితదా? ముట్టుడు ఒకటి, పని ఒకటి."

"అరే, ఫోన్ వాడుతలేవా?"

"నాది బటన్ ఫోనే గద."

ఒక్కొక్కసారి తాకి వదిలేటోడు కూడా. కాని రెండోసారికి వేలు మళ్లా పాత దారి పట్టేది. ఇరవై ఏడేండ్లుగా ఆ వేలికి ఒకటే భయం, తను ఒత్తింది అవతలికి చేరలేదేమో అని. అంతకుముందు రెండు లెక్కపెట్టే మనిషి, ఇంక్వైరీ తర్వాత మూడు లెక్కపెట్టుడు మొదలుపెట్టిండు. ఆ సంగతి తారక్‌కు తెలువదు. తెలిసిందొకటి ఉంది. సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస చేరిస్తే, తెర మీద బొమ్మలు ఎవరు ఎంతసేపు ఒత్తినా కదలకుండ తాళం పడుతది. ఆ సంగతి నెట్‌లో ఏదో ఫోరంలో చదివిండు. చదివి దాటేసిండు. తాళం వేస్తే రోజుకో ఫొటో మార్చి రాకేశ్‌కు పంపుడు కుదరదు. ప్రతిసారి తాళం తియ్యాలె, మళ్లా వెయ్యాలె. ఓపెనింగ్ అయినంక చూద్దాంలే అనుకున్నడు.

ఓపెనింగ్‌కు గని ఆఫీసు పెద్దసార్లు ఇద్దరు వచ్చిండ్రు. రాకేశ్ కరీంనగర్ నుంచి కారులో వచ్చిండు. పూలదండ వేసిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు. భానుప్రసాద్ మైకు పట్టుకొని, "డెబ్బై ఏండ్లకు దగ్గర పడ్డ మన ఫజలుద్దీన్ గారు స్వయంగా ఆపరేట్ చేసి చూపిస్తరు" అన్నడు. చాచా ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకున్నడు. వేలు అంగీకి తుడుచుకొని పేపర్ బొమ్మ మీద పెట్టిండు. ఎంతసేపు పెట్టిండో ముందు వరుసల కూసున్నోళ్లందరూ చూసిండ్రు. గీతలు వచ్చినయి. ఎర్రగుర్తు వచ్చింది. దాన్నీ ఒత్తిండు. పేపర్ పోయింది. ఆ పక్కది ఒత్తిండు. అదీ పోయింది. చివరికి ధర్మపురి గోదావరి ఒక్కటే మిగిలింది.

"ఏంది ఫజలుద్దీన్, కోతులు పడ్డ తోట చేసినవ్" అన్నడు ఒక పెద్దసారు. అందరూ నవ్విండ్రు. చాచా కూడా నవ్విండు. తారక్ నవ్వలేదు. రాకేశ్ తన దిక్కు చూస్తున్నడు మరి.

ఆ సాయంత్రమే కమిటీ కూసుంది. చాచా అందరికీ చాయ్ పోస్తున్నడు. భానుప్రసాద్ తారక్‌ను అడిగిండు.

"చెప్పు తారక్, లోపం మిషన్‌ల ఉన్నదా, మనిషిల ఉన్నదా? మిషన్‌ల ఉంటె రాకేశ్ చూస్తడు."

రాకేశ్ పక్కనే ఉన్నడు. లోపం మిషన్లో అంటే తను పెట్టినదాంట్లో అన్నట్టు. పెద్ద బొమ్మలది చాచాకు సరిపోయింది, నా ఇష్టానికి ఇంకోటి పెట్టిన, పది నిమిషాలు ఇస్తే మార్చుత. చెప్పాల్సింది ఇంతే. నోటి దాకా వచ్చింది. రాకేశ్ ఫోన్ చూసుకుంటున్నడు గాని చెవి ఇటే ఉంది.

"మిషన్ మంచిగనే ఉంది సార్" అన్నడు తారక్. "చాచానే సరిగ్గా ఒత్తుత లేడు."

చాచా చేతిలో కేటిల్ ఆగింది. ఆగినట్టు తారక్‌కు కనపడింది గాని, ఎందుకు ఆగిందో తెలువలేదు. ఆ గ్లాసు నిండా పోసి తారక్ ముందే పెట్టిండు. మిగిలిన ఇద్దరికీ పోసిండు. కేటిల్ కింద పెట్టి, నడుముకున్న దారం ముడి విప్పి, తాళంచెవి తీసి భానుప్రసాద్ ముందు బల్ల మీద పెట్టిండు. ఎవరూ అడుగకముందే. చెప్పులేసుకొని వెళ్లిపోయిండు.

"నారాజ్ అయినట్టున్నడు" అన్నడు ఒకాయన.

"రెండు దినాలల్ల మామూలైతడు తియ్" అన్నడు భానుప్రసాద్.

నెల తిరిగేసరికి తారక్‌కు కరీంనగర్‌లో రాకేశ్ దగ్గర పని దొరికింది. పేరుకు ఆఫీసు. చూస్తే మెట్ల కింద గది, మూడు స్క్రూడ్రైవర్లు, హోటళ్లకూ దుకాణాలకూ బిల్లు కొట్టే టచ్ మిషన్లు బిగించే పని. చాచా బిడ్డ దగ్గరికి నిర్మల్ పోయిండని అక్కడ ఉన్నప్పుడే విన్నడు. పోనీలే, బిడ్డ దగ్గరికే గద, అనుకున్నడు. అట్ల అనుకోవాల్సి వచ్చిందంటేనే లోపల ఏదో గుచ్చుతున్నదని అర్థం. గుచ్చినదాన్ని కదిలించలేదు.

అక్కడ తారక్‌కు పైన ముకర్రం అని ఒక మెకానిక్ ఉన్నడు. చదువు ఎనిమిదో తరగతి. ఒక దినం ఇద్దరూ యాదవ్వ అనే ఆమె మిర్చి బజ్జీల బండికి మిషన్ పెట్టడానికి పోయిండ్రు. తారక్ డబ్బా విప్పబోతే ముకర్రం ఆపిండు.

"ఆగు భాయ్. ముందుగాల రెండు ప్లేట్లు బజ్జీలు తిను."

అరగంట సేపు ఇద్దరూ తింటూ కూసున్నరు. ముకర్రం బజ్జీ చూస్తలేడు, యాదవ్వ చేతులు చూస్తున్నడు. ఆమె వేళ్లకు ఎప్పుడూ శెనగపిండే. స్విచ్చు వేసినా, ఫోన్ ఎత్తినా వేలు మడిచి గణుపుతోనే కొడుతది.

"సూసినవా? గణుపుతోని కొడుతది. గట్టిగ కొడుతది, రెండుసార్లు కొడుతది. పెద్ద గడులది పెట్టు. రెండో దెబ్బ లెక్కకు రాకుంట పెట్టు. ముందు చెయ్యి సూడాలె, తర్వాత స్క్రీన్ సూడాలె. నువ్వు ఎట్ల చేస్తవ్?"

తారక్‌కు కారంతో కండ్లలో నీళ్లొచ్చినయనుకొని ముకర్రం మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపిండు.

ఆ ఆదివారం పొద్దున్నే మందమర్రి వచ్చిండు. రీడింగ్ రూముకు తాళం వేసి ఉంది. మెట్ల మీద లింగమూర్తి కూసొని ఉన్నడు, కుంటి కాలు చాపుకొని. తారక్‌ను చూసి పలకరించలేదు. తారకే పక్కన కూసున్నడు.

"ఇంక తెరువలేదా పెద్దయ్యా?"

"కొత్త పిలగాడు తొమ్మిదింటికి వస్తడు. మీ సెక్రటరీ సారు పెట్టిండు. నువ్వెందుకొచ్చినవ్, ఇంకెవలకన్న సరిగ్గా ఒత్తరాదని చెప్పనీకా?"

తారక్ తల వంచుకున్నడు.

"నాకు తెల్వదనుకున్నవారా? కమిటీల నువ్వన్న మాట రాత్రికే కాలనీ అంత తిరిగింది. గా మాట నువ్వు కొత్తగ కనిపెట్టినవనుకుంటున్నవేమో. గది పాత మాట." లింగమూర్తి తన కాలు మీద చెయ్యి వేసుకున్నడు. గంట సంగతి, చాయ్‌కు పోయిన డ్రైవరు సంగతి, ఇంక్వైరీ సంగతి, కాయితంలో రాసిన వరుస సంగతి, ఒక్కొక్కటి చెప్పిండు. "నేను దవాఖానల పడి ఉన్న. నన్నూ ఎవలు అడుగలే. అడిగితే చెప్తుంటి, రెండుసార్లు గంట ఒత్తుడు నా కండ్లార చూసిన అని. వాడు మూడు దినాలు బల్ల మీద కూసున్నడు. నీ కమిటీల నిలబడ్డడు. గంతే తేడా."

తొమ్మిదింటికి కొత్తాయన వచ్చి తెరిచిండు. మూలకు ఆ కంప్యూటర్, మీద ఎర్రగుడ్డ. కరెంటు పెట్టి ఎన్ని దినాలైందో. తారక్ దాని ముందు కూసున్నడు. మూడో ముఖం తీసేసి పెద్ద బొమ్మలది ఎక్కించిండు. దానికి కూడా బొమ్మలు కదలకుండ తాళం వేసిండు. వేలు ఒక్కో బొమ్మ మీద పెట్టి, మూడు లెక్కపెట్టి, తీసిండు. నాలుగూ తెరుచుకున్నయి. గడియారం చూస్తే అన్నీ కలిపి ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

ఆ మధ్యాహ్నమే మంచిర్యాల పోయి నిర్మల్ బస్సెక్కిండు.

చాచా బిడ్డ కైనాత్ ఇల్లు దొరకబట్టేసరికి పొద్దు వంగింది. ముందర్రలో అల్లుని పరుపుల దుకాణం. చాచా దూది మూటల నడుమ స్టూలు మీద కూసొని పాత పేపర్ చదువుతున్నడు. చిక్కిండు. తారక్‌ను చూసి లేవబోయిండు.

"అరే ఇంజినీర్ సాబ్. రా రా. కైనాత్, చాయ్ పెట్టు, మనూరాయన వచ్చిండు."

కైనాత్ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. ఎవరో గుర్తు పట్టి, వెనుకకు తిరిగి లోపలికి పోయింది. చాయ్ వచ్చేదాక చాచానే మాట్లాడిండు. నిర్మల్‌లో ఎండ గురించి, అల్లుని దుకాణం గురించి. తారక్ ఒక మాట వెతుక్కుంటున్నడు. ఇన్ని పుస్తకాలు చదివినోనికి ఒక్క మాట దొరకలేదు.

"చాచా, తప్పు నాది. మిషన్‌ది కాదు, నీది కాదు. నువ్వు మంచిగుందన్నది తీసి నేను వేరేది పెట్టిన. లింగమూర్తి పెద్దయ్య అంత చెప్పిండు. నాకు తెల్వకుండె."

"తెలిస్తె అనకపోతుంటివా?"

తారక్ ఆలోచించిండు. రాకేశ్ ముఖం యాదికొచ్చింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఏమో చాచా."

చాచా తల ఊపిండు, ఆ జవాబు సరైనదే అన్నట్టు.

"గిప్పుడు మార్చిన. నువ్వు ఎంత సేపు ఒత్తినా ఏం గాదు. నేను ఒత్తి చూసిన."

"మంచిగ చేసినవ్."

"రూమును ఇప్పుడు నీ లెక్క తెల్లారంగనే కాదు, తొమ్మిదింటికి తెరుస్తుండ్రు."

"తొమ్మిదింటికా?" పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకున్నడు చాచా. "మొదటి షిఫ్టోళ్లు పేపర్ సూడకుంటనే గనిల దిగుతుండ్రన్నట్టు."

"అందుకే అంటున్న, నువ్వు వచ్చెయ్. నీ కుర్చీ నీకే ఉంటది. భానుప్రసాద్ సారుతోని, కమిటీతోని నేను మాట్లాడుత."

చాచా చాయ్ గ్లాసు తీసి తారక్ చేతికి అందించిండు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని తారక్ ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నడో.

"వద్దు బేటా. నువ్వు ఒకసారి మాట్లాడినవ్ గద."